అమ్మ హోటల్లో తిన్న అన్నం

మా అమ్మ పట్టపగలు, మగవాళ్ళ మధ్య, హోటల్లో కూచుని అన్నం తిన్నది. ఇప్పుడు ఈ మాట మా పిల్లలకు చెబితే "అయితే ఏమైంది?" అని అడుగుతారు. ఏమైందో చెప్పాలంటే ముందు మా ఇల్లు ఎలాంటిదో చెప్పాలి.

డెబ్భైల నాటి మాట. వరంగల్ మట్టెవాడలో మాది బట్టల వ్యాపారం చేసే కుటుంబం. బజారులో దుకాణం మా తాత పెట్టింది. పొద్దున పూట ఆయన గద్దె మీద కూచునేవాడు. మిగతా పొద్దంతా మా నాన్న, ఆయన తమ్ముడు చూసుకునేవాళ్ళు. నాన్నను మేము బాపు అనేవాళ్ళం, ఆయన తమ్ముణ్ణి చిన్నాయన అనేవాళ్ళం. బజారు తాతదైతే, గడప లోపలి రాజ్యమంతా మా బాపమ్మది. బాపమ్మ అంటే బాపు తల్లి.

బాపమ్మకు మడి ఎక్కువ. మా వంటింట్లోకి ఉల్లిగడ్డ వచ్చేది కాదు. బయట వండినది ఏదీ మా గడప దాటేది కాదు. బడిలో ఎవరైనా పుట్టినరోజుకు చాక్లెట్ ఇస్తే దాన్ని వీధిలోనే తిని, మూతి కడుక్కుని ఇంట్లోకి రావాలి. హోటలు అనే మాట ఎత్తితే బాపమ్మ ముఖం చిట్లించేది. "ఏ చెయ్యి వండిందో, ఏ నీళ్లు పోసిండ్రో. కూడు లేనోడు తింటడు హోటల్ల. మనకేమాయె?" అనేది. మా ఇంటి మగవాళ్ళు ముగ్గురూ ఆ మాటకు తలలూపేవాళ్ళు. ఊపడం నేను కళ్ళారా చూశాను.

తిండికి ఒక వరస ఉండేది. అమ్మ, చిన్నాయన భార్య చిన్నమ్మ పొద్దున్నే స్నానం చేసి వంట మొదలుపెడితే బడివేళకల్లా అయిపోయేది. పిల్లలం తిని బడికి పోయేవాళ్ళం. తర్వాత తాత, ఆ తర్వాత చిన్నాయన. బాపు అందరికన్నా ఆలస్యంగా, ఎండ బాగా ముదిరాక వచ్చేవాడు. ఆయన తినే దాకా ఆడవాళ్ళు ముట్టేవాళ్ళు కాదు. ఆ మాటకొస్తే బాపమ్మ కూడా తినేది కాదు. తన నియమం తనకూ వర్తించేది, అది ఒప్పుకోవాలి. బాపు వచ్చి రెండు ముద్దలు తిని, "ఆకలైతలేదే" అని లేచేవాడు. "దుకాణంల పడి నా కొడుకు ఎండిపోతాండు" అని బాపమ్మ బాధపడేది. అప్పుడు ముగ్గురు ఆడవాళ్ళు కూచునేవాళ్ళు. అప్పటికి అన్నం గడ్డకట్టి ఉండేది. బాపమ్మకు పైది పెట్టి, చిన్నమ్మకు మధ్యది పెట్టి, అమ్మ గిన్నె అడుగున మిగిలిన మాడును గరిటెతో గీరుకుని, అందులో చారు పోసుకుని తినేది. "మీ అమ్మకు మాడంటే పానం" అని ఇంట్లో అందరూ అనేవాళ్ళు. నేనూ నిజమే అనుకున్నాను.

నేను ఆరో తరగతిలో ఉన్న ఏడు అమ్మకు తరచుగా కళ్ళు తిరగడం మొదలైంది. ఒకరోజు బావి దగ్గర చేద వదిలేసి కింద కూచుండిపోయింది. చిన్నమ్మ చూసి కేకలు పెట్టింది. మర్నాడు నాకు బడి సెలవు. వంట కాగానే దవాఖానకు పోయి రమ్మని బాపమ్మ చెప్పింది. తోడుకు నన్ను పంపారు. రిక్షాలో పోయాం.

దవాఖానలో చాలాసేపు వరసలో నిలబడ్డాం. లోపల లేడీ డాక్టరు అమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసింది. అరచేయి తిప్పి చూసింది.

"అన్నం ఎప్పుడు తింటవమ్మా?"

"అందరు తిన్నంక" అంది అమ్మ.

"అందరు ఎప్పుడు తింటరు?"

అమ్మ కొంగు సర్దుకుంది. నేనే చెప్పాను: "మా బాపు వచ్చేవరకు రెండు దాటుతది డాక్టరమ్మా."

"పొద్దటి సంది ఏం తిన్నవు?"

"చాయ్ తాగిన."

డాక్టరు చీటీ రాస్తూ రాస్తూ ఆగింది. "గోలీలు రాసిస్త గని, నీకు గోలీల కంటె ముందు అన్నం కావాలె. ఒంట్ల రక్తం లేదు. ఇంటికి పోయేదాంక ఆగకు. దారిల ఎక్కడన్న కడుపు నిండ తిని పో. ఇట్లనే చేసినవంటె బావిల పడ్తవు ఒకనాడు" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అందుకే నాకు భయం వేసింది.

తిరిగి వస్తుంటే మిట్ట మధ్యాహ్నం. రిక్షా టాపు కింద కూడా వేడి కొడుతున్నది. చౌరస్తా దగ్గరికి రాగానే అమ్మ నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆమె చేయి చల్లగా, తడిగా ఉంది.

"ఆపన్నా, జర ఆపు" అంది రిక్షా అతనితో.

ఆపిన చోట పెద్ద హోటలు ఉంది. ఉడిపి వాళ్ళది. బయటికి నెయ్యి వాసన, సాంబారు వాసన వస్తుండేది. బజారుకు వెళ్ళినప్పుడల్లా నేను ఆ వాసన కోసమే నెమ్మదిగా నడిచేదాన్ని. మంచినీళ్ళ కోసం ఆగిందేమో అనుకున్నాను. అమ్మ రిక్షా దిగింది. కొంగు భుజం నిండా కప్పుకుంది. మెట్లెక్కింది.

"అమ్మా, ఎక్కడికే?"

"అన్నం తిందాం పా."

మా అమ్మ గుడికి తప్ప ఒంటరిగా ఎక్కడికీ పోయి ఎరుగదు. ఎవరైనా తెలిసినవాళ్ళు బజారులో ఎదురైతే దుకాణం చాటుకు జరిగేది. అలాంటి మనిషి వెనక్కి తిరిగి చూడకుండా హోటల్లోకి పోయింది. వెనక పరుగెత్తాను.

లోపల అన్నీ పాలరాతి బల్లలు. కూచున్నవాళ్ళంతా మగవాళ్ళే. మేము అడుగు పెట్టగానే మాటలు తగ్గాయి. పళ్ళేల చప్పుడు కూడా తగ్గినట్టు అనిపించింది. గల్లా దగ్గర కూచున్న యజమాని లేచి నిలబడ్డాడు.

"అమ్మా, లోపల ఫ్యామిలీ రూము ఉన్నది" అని పచ్చ తెర కట్టిన గది చూపించాడు.

అమ్మ ఆ తెర వైపు చూసింది. "అండ్ల ఫ్యాను ఉన్నదా?"

"లేదమ్మా. పరదా ఉంటది."

"నాకు తల తిరుగుతాంది. నాకు పరదా ఎందుకు, గాలి కావాలె. ఈడ్నే కూసుంట" అని గది నడుమ ఫ్యాను కింద ఖాళీగా ఉన్న బల్ల దగ్గర కూచుంది. నన్ను పక్కన కూచోమంది. ఎదురు బల్ల దగ్గర మా వీధి చివర కిరాణా దుకాణం ఆయన చాయ్ తాగుతున్నాడు. అమ్మను చూసి గోడ వైపు తిరిగాడు. కాసేపటికి గ్లాసు సగంలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. అమ్మ అటు చూడలేదు. నేను చూశాను. ఇంటి దాకా ఈ మాట ఎంతసేపట్లో పోతుందా అని లెక్క వేసుకున్నాను.

నడివయసు సర్వరు ఒకడు వచ్చాడు. ఒక్క చేతి వేళ్ళ మధ్య నాలుగు నీళ్ళ గ్లాసులు ఇరికించుకుని, వేళ్ళు నీళ్ళలో ముంచి తెచ్చాడు. బాపమ్మ చూస్తే మూర్ఛపోయేది. అమ్మ ఒక గ్లాసు ఎత్తి గటగటా తాగేసింది.

"ఏం కావాలమ్మా? ఇడ్లీ, వడ, పూరీ, దోశ..."

"అన్నం ఉన్నదా?"

"భోజనం ఉంది."

"వేడిగ ఉంటదా?"

సర్వరు నవ్వాడు. "ఇప్పుడే దింపిండ్రు."

నేను ఇంట్లో తినే వచ్చాను గనక అమ్మ ఒక్క భోజనమే చెప్పింది. పెద్ద పళ్ళెంలో గిన్నెలు పెట్టి తెచ్చాడు. పప్పు, కూర, సాంబారు, పెరుగు. నడుమ అన్నం. అన్నంలోంచి పొగలు వస్తున్నాయి. అమ్మ చేయి పెట్టి వెంటనే తీసింది. మళ్ళీ పెట్టింది. ఒక ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోకుండా అరచేతిలో పట్టుకుని చూసింది.

"పొగలొస్తానయి సూడు" అంది నాతో.

రోజూ అంతమందికి అన్నం వార్చే మనిషి, పొగలను ఎన్నడూ చూడనట్టు మాట్లాడుతున్నది. తర్వాత తినడం మొదలుపెట్టింది. నెమ్మదిగా కాదు. తల ఎత్తకుండా, నీళ్ళు తాగకుండా, నన్ను కూడా మరిచిపోయి తిన్నది. అమ్మ అలా తినడం నేను అదివరకు చూడలేదు. అసలు అమ్మకు ఆకలి అవుతుందని నాకు తోచనే లేదు. అమ్మంటే వడ్డించే చేయి. ఆ చేతికి ఒక కడుపు ఉంటుందని ఆ రోజు తెలిసింది.

సర్వరు రెండోసారి అన్నం తెచ్చాడు. నాకేమనాలో తెలియక, "అమ్మా, నీకు మాడు ఇష్టం గదా?" అన్నాను.

అమ్మ చేయి ఆగింది. "ఎవలు చెప్పిండ్రు?"

"అందరు అంటరు."

"నేను చెప్పిన్నా ఎప్పుడన్న?"

గుర్తు చేసుకున్నాను. అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. అందరూ అన్నప్పుడు పక్కనే ఉండేది, అంతే.

"పెండ్లయినంక వేడన్నం తిన్నది ఇదే" అంది. అని పెరుగు గిన్నె దగ్గరికి లాక్కుంది.

అప్పుడే బాపు వచ్చాడు.

ఎవరు చెప్పారో గాని దుకాణంలోంచి ఉన్నవాడు ఉన్నట్టే వచ్చాడు. కాళ్ళకు చెప్పులు లేవు. బట్ట కొలిచే ఇనుప బద్ద చేతిలోనే ఉంది. గుమ్మంలో నిలబడి మమ్మల్ని చూశాడు. ముఖం కందగడ్డలా అయింది. ఆ బద్దతో కొడతాడేమోనని నేను కుర్చీలోనే కుంచించుకుపోయాను. ఆయన ఎన్నడూ కొట్టినవాడు కాదు, అయినా ఆ బద్ద చూస్తే అలా అనిపించింది.

బాపు మా బల్ల దాకా వచ్చాడు. నోరు తెరవబోయాడు. ఇంతలో సర్వరు ఎదురొచ్చి, సంతోషంగా కుర్చీ లాగి, "రాండ్రి సేటూ, ఇయ్యాల జల్దీ వచ్చిండ్రు" అన్నాడు. అని వంటగది వైపు తిరిగి గట్టిగా కేక వేశాడు:

"సేటుకు ఎప్పటి లెక్కనే! ఉల్లిదోశ, నెయ్యి జర ఎక్కువ!"

అమ్మ తల ఎత్తింది.

బాపు ఆ కుర్చీలో కూలబడ్డాడు. ఇనుప బద్దను బల్ల కింద దాచుకోబోయాడు. అది రాతి నేల మీద పడి పెద్దగా మోగింది.

"ఎప్పటి లెక్కనే అంటాండు" అంది అమ్మ, మెల్లగా. "ఎప్పటి సంది?"

"ఊకో. అందరు సూస్తాండ్రు. ఇంటికి పోదాం పా."

"రోజు తింటరా?"

"ఊకో అంటాన్న గదా."

"అందుకేనా ఆకలైతలేదని లేస్తరు? అందుకేనా రెండు దాటినంక వస్తరు?" అమ్మ గొంతు పెరగలేదు. తెలియని ఊళ్ళో దారి అడుగుతున్న మనిషిలా ఒక్కొక్కటే అడుగుతున్నది. "మీరొస్తరని నేను, అత్తమ్మ, మీ మరదలు ఎదురు సూసుకుంట కూసుంటిమి. మీరేమొ తినే వస్తిరి."

దోశ వచ్చింది. అంచులు ఎర్రగా కాలి, మధ్యలో ఉల్లిగడ్డ ముక్కలు నెయ్యిలో మెరుస్తున్నాయి. మా ఇంట్లో పేరెత్తితే మైల పడే ఉల్లిగడ్డ, మా బాపు ముందర పళ్ళెంలో. నేను ఆయన ముఖం చూడలేకపోయాను. పళ్ళెం చూస్తూ కూచున్నాను. బాపు దాన్ని ముట్టలేదు.

"తినుండ్రి. సల్లారుతది" అంది అమ్మ.

తను పెరుగన్నం చివరి మెతుకు దాకా తిని, చేయి కడుక్కుని, బయటికి నడిచింది. ముఖానికి రంగు వచ్చింది. బాపు గల్లా దగ్గర పైసలు కట్టాక మేమిద్దరం వెనకాల నడిచాం.

మాట మాకన్నా ముందే ఇంటికి చేరింది. గడపలో బాపమ్మ నిలబడి ఉంది.

"ఆగు. ఆడ్నే ఆగు" అంది అమ్మను. "ఆకలైతె ఇల్లు లేదా నీకు? ఇల్లు కాలిపోయిందా? నలుగురు మొగోళ్ల నడుమ కూసోని తిన్నవంట! ఏ ఇంటి కోడలివో యాదికున్నదా?"

"డాక్టరమ్మ చెప్పింది అత్తమ్మా. తినకుంట పోవద్దన్నది."

"డాక్టరమ్మ బావిల దుంకుమంటె దుంకుతవా? నీ మొగడు గిట్ల హోటల్ల కూడు తిని బతుకుతాండా? నా కొడుకులు తింటాండ్రా?"

నేను బాపు వైపు చూశాను. ఆయన మా వెనకే ఉన్నాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు చెబుతాడు అని ఎదురుచూశాను. ఆయన నేల చూశాడు. హోటల్లో దోశ చూసినప్పటి కన్నా, ఆ మౌనం చూసి నేను ఎక్కువ అదిరిపోయాను. అమ్మ కూడా చెప్పలేదు. ఒక్క మాట అంటే చాలు, గొడవంతా బాపు మీదికి పోయేది. ఆమె అనలేదు. ఎందుకో చాలాకాలం నాకు అర్థం కాలేదు. ఆయన నోటితోనే రావాలని చూసిందని ఇప్పుడు అనుకుంటున్నాను.

అమ్మ వంటింట్లోకి పోకూడదని, గిన్నె ముట్టకూడదని బాపమ్మ తీర్పు చెప్పింది. పురోహితుణ్ణి పిలిచి, మంచిరోజు చూసి, పంచగవ్యం తాగించి శుద్ధి చేయిస్తే గాని పొయ్యి దగ్గరికి రానివ్వనంది. మంచిరోజు వెంటనే దొరకలేదు. అప్పటిదాకా అమ్మ వెనక వసారాలో ఉంది. చిన్నమ్మ అక్కడికే తిండి తెచ్చి పెట్టేది. చిన్నమ్మ పెళ్ళయి వచ్చి ఎక్కువ కాలం కాలేదు. అమ్మకు పెట్టే అన్నం ఎవరూ చూడకుండా ముందే తీసి ఉంచేదని నాకు తెలుసు. అమ్మ తిని పడుకునేది. పగటిపూట మా అమ్మ పడుకోవడం! బడి నుంచి వచ్చి మొదటిసారి చూసినప్పుడు చచ్చిపోయిందేమోనని దగ్గరికి పోయి ముక్కు దగ్గర వేలు పెట్టాను. అమ్మ కళ్ళు తెరవకుండానే, "నిద్ర వస్తాంది బిడ్డా" అంది.

వంట బాపమ్మ మీద పడింది. ఆ వయసులో పొయ్యి ముందు కూచుంటే ఆమెకు దగ్గు వచ్చేది. పప్పు అడుగంటేది. పులుసు ఉప్పుకషాయం అయ్యేది. మగవాళ్ళు ఏమీ అనకుండా రెండు ముద్దలు తిని లేచేవాళ్ళు. బాపుకు అంత ఓపిక ఎక్కడినుంచి వస్తున్నదో ఇంట్లో నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

శుద్ధికి ముందు రోజు బాపు వసారాలోకి వచ్చాడు. నేను అక్కడే లెక్కలు చేసుకుంటున్నాను.

"రేపు జర సర్దుకో. తాగేస్తె ఒడిసిపోతది" అన్నాడు అమ్మతో.

"తాగుత" అంది అమ్మ. "నాకేం ఫికర్ లేదు. నేను ఒక్కపూట తిన్నందుకు ఒక్క గుటక తాగుత. మీ సంగతి మీరే సూసుకోండ్రి."

మర్నాడు పొద్దున నడవాలో పీట వేశారు. పురోహితుడు కంచు గిన్నెలో పంచగవ్యం పెట్టుకుని మంత్రం చదివాడు. అమ్మ తలస్నానం చేసి వచ్చి కూచుంది. ఉద్ధరిణితో అరచేతిలో పోస్తే ముఖం చిట్లించకుండా తాగింది. బాపమ్మ స్తంభం పక్కన నిలబడి చూస్తున్నది. అంతా అయిపోయిందనుకున్నాం.

బాపు వచ్చి అమ్మ పక్కన పీట లేకుండా కూచున్నాడు. అరచేయి చాచాడు.

"నీకెందుకురా?" అంది బాపమ్మ. "పెండ్లాం తింటె మొగనికి సుత అంటుతదా అయ్యగారూ?"

"నేను సుత తిన్ననే అవ్వా" అన్నాడు బాపు. తల ఎత్తలేదు. "ఆమె ఒక్కనాడు తిన్నది. నేను ఏండ్ల సంది తింటాన్న. రోజు."

బాపమ్మకు అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. "ఏం తిన్నవు?" అని అడిగింది, చిన్నపిల్లలా.

"దోశ. ఉల్లిగడ్డది."

పురోహితుడు ఉద్ధరిణి గాలిలోనే పట్టుకుని ఉన్నాడు. అంతలో గుమ్మం దగ్గర నిలబడ్డ చిన్నాయన ముందుకు వచ్చి, అన్న పక్కన కూచుని తనూ చేయి చాచాడు. చిన్నమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"హనుమకొండకు పోయినప్పుడు..." అని గొణిగాడు చిన్నాయన. "ఇరానీ హోటల్ల... ఆమ్లెట్ సుత."

కోడిగుడ్డు! మా ఇంట్లో ఆ మాట ఉచ్చరించడమే అదే మొదలు. పురోహితుడు గిన్నెలోకి చూసి, "దానికి ఇది సరిపోదు నాయినా" అన్నాడు. ఇంతలో తాత కర్ర చప్పుడు వినిపించింది. రోజూ సాయంత్రం గుడికి పోయి వచ్చే మా తాత, మంచం మీది నుంచి లేచి, మెల్లగా వచ్చి, వంగలేక నిలబడే అరచేయి చాచాడు.

"నువ్వు సుతనా?" అంది బాపమ్మ.

"గుడి కాడికి పోయి వచ్చేటప్పుడు" అన్నాడు తాత. "మిరపకాయ బజ్జీలు. ఒక్కోనాడు పూరీ."

బాపమ్మ ముగ్గురి చేతులూ చూసింది. ఒకదాని తర్వాత ఒకటి, మూడు అరచేతులు. తిడుతుందనుకున్నాం. గోల చేస్తుందనుకున్నాం. ఆమె తాతను ఒక్కటే అడిగింది:

"వేడిగుండెనా?"

తాత నేలకేసి చూస్తూ, "ఉండె" అన్నాడు.

బాపమ్మ స్తంభానికి ఆనుకుని అలాగే కిందికి జారి కూచుంది. ఆ పూటంతా లేవలేదు. నీళ్ళిస్తే తాగలేదు. చిన్న వయసులో ఆ ఇంటికి కోడలిగా వచ్చి, ఎప్పుడూ మగవాళ్ళు తిన్న తర్వాతే తిని, ఆ నియమమే తన గొప్పతనం అనుకుని బతికింది. ఆ నియమానికి కట్టుబడినవాళ్ళు ఆడవాళ్ళు తప్ప ఇంకెవరూ లేరని ఆమెకు అంత వయసులో, అంతమంది ముందర తెలిసింది. నాకు అప్పటిదాకా బాపమ్మంటే భయమే. ఆ రోజు ఆమెను చూడలేక లోపలికి పోయాను.

మగవాళ్ళు కూడా దుకాణం తెరవలేదు. హోటలుకూ పోలేదు. ముగ్గురూ మూడు మూలల కూచున్నారు. పొద్దు వాలుతుండగా అమ్మ వంటింట్లోకి పోయింది. బియ్యం కడిగి, ఎసరు పెట్టి, కొత్తగా అన్నం వండింది. ముద్దపప్పు చేసింది. విస్తరి వేసి, వడ్డించి, నెయ్యి పోసి బాపమ్మ దగ్గరికి తెచ్చింది.

"లెవ్వుండ్రి అత్తమ్మా. తినుండ్రి."

"మొగోళ్లు తిన్నరా?"

"తినలే. వాళ్లు ఆగుతరు."

నడవాలో తాత దగ్గాడు. ఎవరూ పలకలేదు. బాపమ్మ చాలాసేపు విస్తరి చూసింది. తర్వాత చేయి పెట్టి, "హా" అని వెనక్కి లాక్కుంది. వేళ్ళు కాలాయి. అంత వేడి అన్నం ఆ వేళ్ళకు అలవాటు లేదు. నోటితో ఊదుకుని మళ్ళీ పెట్టింది. రెండు ముద్దలు తిన్నాక తల ఎత్తి, "పప్పుల ఉప్పు తక్కువేసినవు" అంది. అమ్మ ఉప్పు తెచ్చింది. చిన్నమ్మను కూడా పిలిచి కూచోబెట్టారు. నేను కూడా వాళ్ళ మధ్య కూచున్నాను. నలుగురం తినేదాకా మగవాళ్ళు ఎదురుచూశారు. మా ఇంట్లో అలాంటిది జరుగుతుంటే మా కళ్ళను మేమే నమ్మలేకపోయాం. ముద్ద ముద్దకూ గుమ్మం వైపు చూస్తూ తిన్నాం.

రోజూ అలా జరిగిందని చెబితే అబద్ధం. మర్నాటి నుంచి మళ్ళీ మగవాళ్ళే ముందు తిన్నారు. కానీ ఆడవాళ్ళు కూచునే ముందు రెండో ఎసరు పెట్టాలని బాపమ్మే చెప్పింది. కట్టెలు దండగ అని ఎవరో అంటే, "నా ఇంట్ల కట్టెల సంగతి నాకెరుక" అంది. బాపు ఎండ ముదరకముందే ఇంటికి రావడం మొదలుపెట్టాడు. రాలేకపోతే కబురు పంపేవాడు. అమ్మకు కళ్ళు తిరగడం తగ్గింది.

హోటల్లో ఆ రోజు ఏమైందో బాపు, అమ్మ మళ్ళీ మాట్లాడుకోగా నేను వినలేదు. వీధిలో మాత్రం చాలాకాలం మాట్లాడుకున్నారు. కిరాణా దుకాణం ఆయన భార్య ఒకసారి వాకిట్లో నిలబడి, "ఏమి తిన్నవక్కా, ఎట్లుండె?" అని అమ్మను గుసగుసగా అడిగింది. ఎగతాళికి అడిగిందనుకున్నాను. కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమెతో ఒకరోజు అమ్మ మళ్ళీ ఆ మెట్లెక్కింది.

ఎనభైలు వచ్చేసరికి హనుమకొండలో కొత్త హోటళ్ళు లేచాయి. అద్దాల తలుపులు, మెత్తని కుర్చీలు, చేతికిచ్చే మెనూ కార్డులు. మా ఇంట్లో ఆదివారం వస్తే ఎక్కడికి పోవాలనే దాని మీద పెద్ద పంచాయితీ జరిగేది. బాపుకు పాత ఉడిపి హోటలే కావాలి. చిన్నాయన కార్డులో పేరు పలకరానిదేదో అడగాలంటాడు. తాత ఏమీ అనేవాడు కాదు, చెప్పులు వేసుకుని ముందే ఆటోలో కూచునేవాడు. అమ్మ మాత్రం కొత్త హోటలుకు పోయినా సరే, వంటగది తలుపు కనపడే బల్ల వెతుక్కునేది.

బాపమ్మ ఎన్నడూ రాలేదు. ఎంత పిలిచినా రాలేదు. పార్సిలు తెస్తే ముట్టలేదు. అయితే మేము వచ్చేదాకా అరుగు మీద కూచునే ఉండేది. రాగానే నన్ను పక్కన కూచోబెట్టుకునేది.

"ఏం తిన్నరు? మొదటి సంది చెప్పు."

నేను చెప్పేదాన్ని. సూపు అంటే ఏమిటో, నాను రొట్టె ఎలా సాగుతుందో, పనీరు అంటే పాలు విరగ్గొట్టి చేసిందేనని చెప్పేదాన్ని. కళ్ళు మూసుకుని వినేది. మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేది. సాంబారు పుల్లగా ఉందంటే, "చింతపండు ముందుగాల్నే పోసిండు, కూరగాయలు ఉడకకముందు" అనేది. దోశ అంటుకుపోయిందంటే, "పెనం కాలలే" అనేది. ఒకసారి ఏదో కూర చాలా బాగుందని చెబితే, అందులో ఏమేం వేసి ఉంటారో తానే ఒక్కొక్కటి చెప్పుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది.

"ఉల్లిగడ్డ ఏసిండా?"

"ఏసిండు బాపమ్మా."

"ఎర్రగ ఏంచిండా, పచ్చిగ ఏసిండా?"

"ఎర్రగ."

"ఊఁ" అంది. కాసేపు ఆలోచించింది. "తర్వాత ఏం తెచ్చిండు? చెప్పు."